తలుపుల ప్రహసనం, పెళ్ళిపీటల ప్రహసనం

హాస్యరచనల్లో ప్రహసనానికి పండితులు వేసే పీట ఎప్పుడూ వెనక వరుసలోనే ఉంటుంది. సంస్కృత లాక్షణికులు దశరూపకాల్లో, అంటే దృశ్యకావ్యానికి చెప్పిన పది భేదాల్లో, దానికి చోటు కల్పించినా, ఏడో శతాబ్దంలో పల్లవరాజు మహేంద్రవర్మ స్వయంగా ‘మత్తవిలాసం’ అనే ప్రహసనం రాసినా, తరువాతి కాలం దాన్ని వేళాకోళపు సరుకుగానే లెక్కవేసింది. ఫ్రాన్సులోనూ విషాద నాటకానికి దక్కిన మర్యాద ప్రహసనానికి దక్కలేదు. అయినా ఆ దేశపు పాత ప్రహసన చిత్రాలు దశాబ్దాలు గడిచినా వెలవెలబోకుండా నిలిచాయి. ఆ కాలపు గంభీరమైన చిత్రాలు అనేకం పేరుకు మాత్రమే మిగలగా, ఇవి ఇప్పటికీ జనాన్ని నవ్విస్తున్నాయి. ఆ ఆకర్షణ ఎక్కడ ఉన్నదో, అదే కళ తెలుగు తెర మీద, ముఖ్యంగా అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టిన దర్శకుడు కె.వి.రెడ్డి చేతిలో, ఏ మలుపు తీసుకున్నదో పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

నవ్వించే ప్రతి కథా ప్రహసనం కాదు. సాధారణ హాస్యనాటకంలో నవ్వు మనిషి స్వభావం నుంచి పుడుతుంది. పిసినారి పిసినారి గనుకనే నవ్విస్తాడు. ప్రహసనంలో నవ్వు సందర్భం నుంచి పుడుతుంది; అక్కడ ఉన్నది మామూలు మనిషే, పరువు మర్యాదలు ఉన్నవాడే, కానీ ఒక ఇరుకున పడి చిన్న అబద్ధం ఆడతాడు, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి మరొకటి ఆడతాడు, ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు తిరిగే వేళకు అబద్ధం నమ్మినవాళ్ళందరూ ఒకే చోటికి చేరుతారు. ఇందులో చమత్కారమైన సంభాషణల అవసరం దాదాపు లేదు. ‘ఎవరక్కడ?’ అనే రెండు మాటలు, సరైన క్షణంలో సరైన తలుపు వెనక నుంచి వినిపిస్తే, హాలంతా గొల్లుమంటుంది. ఎందుకంటే తెర మీద ఎవరికీ తెలియని నిజం మొత్తం ప్రేక్షకుడికి ముందే తెలుసు. ప్రహసనం ప్రేక్షకుడికి ఇచ్చే గౌరవం అదే, ఆ గౌరవం వల్లనే అది పండుతుంది.

కె.వి.రెడ్డి పుట్టిన అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గం, ఉరవకొండల మధ్య ఉన్న మెట్టసీమలో ఈ రకమైన వినోదం సినిమాతో మొదలు కాలేదు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే ఈ జిల్లాలో, వేరుశనగ చేను ఎండుముఖం పట్టినప్పుడు ఊరివాళ్ళు విరాటపర్వం చదివించడం, ఆడించడం పాత ఆనవాయితీ. విరాటపర్వం వింటే వాన కురుస్తుందనే నమ్మకం ఇటు తెలుగు నేలలోనూ, పక్కనున్న కన్నడ సీమలోనూ ఉన్నది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల వల్ల పేరు పొందింది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. తోలుబొమ్మలాటలో రామాయణ, భారత ఘట్టాల మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు అనే బొమ్మలు దూకుతాయి. పోలిగాడికీ బంగారక్కకూ జరిగే మొగుడూ పెళ్ళాల తగవు, మధ్యలో దూరే కేతిగాడి చిలిపి పనులు, చెంపదెబ్బలు, పచ్చి మాటలు, ఇవన్నీ దేవుడి కథకు ఏమాత్రం సంబంధం లేకుండా నడుస్తాయి. ఆ తంతు ముగియగానే రాముడో ధర్మరాజో ఏమీ జరగనట్టు మళ్ళీ తెర మీదికి వస్తాడు. మధ్యయుగపు ఫ్రాన్సులో ప్రహసనం బతికినది కూడా సరిగ్గా ఇలాగే: మతసంబంధమైన దీర్ఘ నాటకాల నడుమ జనానికి ఊపిరి తీసుకునే వీలు కల్పించే పొట్టి తంతుగా. పదిహేనో శతాబ్దపు ‘మేత్ర్ పాత్‌లాఁ ప్రహసనం’లో ఒక టక్కరి వకీలు బట్టల వర్తకుణ్ణి మోసగించి, చివరికి తాను నేర్పిన యుక్తితోనే ఒక గొర్రెల కాపరి చేతిలో మోసపోతాడు, జుట్టుపోలిగాడి తంతుకు అలవాటుపడిన ప్రేక్షకుడికి అందులో వేరే వివరణ అక్కర లేదు.

అంతకంటే విచిత్రమైన సంగతి, వాన కోసం ఆడే ఆ విరాటపర్వం నిర్మాణంలోనే ప్రహసనం దాగి ఉన్నది. అయిదుగురు రాజకుమారులు, వాళ్ళ ఇల్లాలు, ఆరుగురూ మారుపేర్లతో ఒకే కొలువులో పనికి కుదురుతారు. గడువు తీరేలోగా ఏ ఒక్కరి గుట్టు బయటపడినా అందరూ మళ్ళీ అడవుల పాలవుతారు. సైరంధ్రి కోసం చీకట్లో నర్తనశాలకు చేరిన కీచకుడికి అక్కడ ఎదురైనది భీముడు. సంకేతస్థలానికి ఆశతో వచ్చినవాడికి తాను కోరిన మనిషికి బదులు అసలు రాకూడని మనిషి ఎదురుపడడం పారిస్ ప్రహసనాలకు ప్రాణాధారమైన ఘట్టం. తేడా ఏమిటంటే అక్కడ అది చెంపదెబ్బతో ముగుస్తుంది, ఇక్కడ చావుతో ముగుస్తుంది. 1963లో వచ్చిన ‘నర్తనశాల’ చిత్రంలో కమలాకర కామేశ్వరరావు ఈ ఘట్టంలోని భయాన్ని నిలిపి, నవ్వునంతా ఉత్తరకుమారుడి ప్రగల్భాలకు, అంటే రేలంగికి, అప్పగించాడు. ఆ పంపకం సముచితమైనదే.

ఇక ఫ్రెంచి సంప్రదాయానికి వస్తే, దాని ఆధునిక రూపానికి పునాది వేసినవాడు యూజీన్ లాబిష్. 1851లో మార్క్ మిషెల్ అనే సహరచయితతో కలిసి అతడు రాసిన ‘ఇటలీ గడ్డిటోపీ’ నాటకంలో ఫాదినార్ అనే యువకుడు పెళ్ళిరోజు ఉదయం బండి మీద వస్తుండగా అతడి గుర్రం చెట్టుకొమ్మకు వేలాడుతున్న ఒక ఆడమనిషి టోపీని నమిలేస్తుంది. టోపీ గలామె పరపురుషుడితో రహస్యంగా షికారుకు వచ్చిన వివాహిత. అచ్చం అలాంటి టోపీ లేకుండా ఇంటికి వెళితే భర్తకు అనుమానం వస్తుంది. ఫాదినార్ టోపీ వెతుక్కుంటూ పారిస్ అంతా తిరుగుతాడు, అతడు ఎందుకు తిరుగుతున్నాడో తెలియని పెళ్ళివారంతా ఊరేగింపుగా అతడి వెనకే తిరుగుతారు, అతడు అడుగుపెట్టిన ప్రతి ఇంటినీ పెళ్ళి తంతులో భాగమే అనుకొని దూరిపోతారు. చివరికి ఆ టోపీ పెళ్ళికానుకల్లోనే, చెవిటి బంధువు తెచ్చిన పెట్టెలో, మొదటినుంచీ ఉన్నదని తేలుతుంది. దీన్ని 1928లో రెనే క్లేర్ మూకీచిత్రంగా తీశాడు. మాటల మీద నడిచే నాటకాన్ని మాటలు లేని తెరకు ఎక్కించడం దుస్సాహసంగా కనిపిస్తుంది గానీ, ఆ చిత్రం నిలవడానికి కారణం ఆ లోటే. మాటకు బదులు క్లేర్ ఒక్కొక్క పెళ్ళిపెద్దకు ఒక్కొక్క చిన్న చిక్కు తగిలించాడు: ఒకరి చేతి తొడుగు కనిపించదు, ఒకరి మెడపట్టీ పదేపదే జారిపోతుంది, మామగారికి బూట్లు ఇరుకు. ఇంతపెద్ద పెళ్ళిలో ఎవరి బాధ వారిది. తెలుగు పెళ్ళిపందిట్లో ఒక పూట గడిపినవారెవరికైనా ఆ మనుషులందరూ ఎరిగినవాళ్ళే.

లాబిష్ నాటకాలను ఆధారం చేసుకొని నవ్వుకు ఒక సిద్ధాంతం చెప్పినవాడు తత్త్వవేత్త ఆన్రీ బెర్గ్‌సన్. 1900లో వచ్చిన ‘నవ్వు’ అనే గ్రంథంలో అతడు ప్రతిపాదించిన దాని సారాంశం, జీవం ఉన్న మనిషి యంత్రంలా ప్రవర్తించినప్పుడు నవ్వు పుడుతుందనేది. పరిస్థితుల నుంచి పుట్టే హాస్యానికి అతడు మూడు మార్గాలు చూపాడు. జరిగినదే మళ్ళీ జరగడం ఆవృత్తి. మోసగాడే మోసపోవడం విపర్యయం. మూడవది రెండు గొలుసుల తాకిడి, అంటే ఒకదానితో మరొకదానికి సంబంధం లేని రెండు సంఘటనల వరుసలు ఒకే దృశ్యంలో కలవడం, ఆ దృశ్యానికి ఒకేసారి రెండు అర్థాలు పొసగడం. ప్రహసనానికి ఆయువుపట్టు ఈ మూడవదే. పెళ్ళివారికి ఒక అర్థం, ఫాదినార్‌కు మరొక అర్థం, రెండూ తెలిసినవాడు ప్రేక్షకుడు.

జార్జ్ ఫేదో చేతికి వచ్చేసరికి ఈ యంత్రానికి తలుపులు అమిరాయి. 1862 నుంచి 1921 వరకు జీవించిన ఈ రచయిత నాటకాల్లో ప్రతి గదికీ నాలుగైదు తలుపులు ఉంటాయి. ఏ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎవరు ఎటు నుంచి ఎటు పోవాలో అతడు గడియారం బాగుచేసేవాడి శ్రద్ధతో నిర్ణయించాడు. 1907 నాటి ‘లా ప్యూస్ అ లొరెయ్’ నాటకంలో అనుమానించే భార్య, ఆమె పెట్టిన పరీక్ష, ఒక అపఖ్యాతి పొందిన హోటలు, ఆ హోటల్లో మీట నొక్కితే గోడతో సహా తిరిగిపోయి మరొక మనిషిని తెచ్చిపెట్టే మంచం ఉంటాయి. పెద్దమనిషికీ హోటలు నౌకరుకూ అచ్చుగుద్దినట్టు ఒకే పోలిక ఉండడం వల్ల రెండు పాత్రలనూ ఒకే నటుడు వేస్తాడు. ఈ తలుపుల వెనక ఉన్నది వట్టి అల్లరి కాదు. ఆనాటి ఫ్రెంచి చట్టం ప్రకారం వ్యభిచారం శిక్షార్హమైన నేరం. 1884లో విడాకుల చట్టం తిరిగి అమలులోకి వచ్చాక, పోలీసు కమిషనరు గదిలోకి వచ్చి కళ్ళారా చూసి నమోదు చేసుకున్నదే కోర్టులో గట్టి రుజువు. ఫేదో నాటకాల్లో తలుపు తట్టే కమిషనరు కల్పన కాదు, ప్రేక్షకుల్లో కొందరికి నిజంగా నిద్రపట్టనివ్వని మనిషి. పోగొట్టుకునేది ఏమీ లేనివాళ్ళ పరుగులాట చూసి ఎవరూ నవ్వరు.

తెలుగు ఇంటికి అన్ని తలుపులు లేవు. ఉమ్మడి కుటుంబపు మండువా ఇంట్లో, పల్లెటూరి మిద్దె ఇంట్లో, ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉన్నదీ అందరికీ తెలుస్తూనే ఉంటుంది. దాంపత్య ద్రోహాన్ని నవ్వులాటగా తెర మీద చూపడానికి సంఘమూ సెన్సారూ ఒప్పుకొనేవి కావు. అందువల్ల తెలుగు ప్రహసనం తలుపును వదిలి పెళ్ళిపీటను పట్టుకున్నది. ఫ్రెంచి ప్రహసనంలో అబద్ధం జరిగిపోయిన పెళ్ళిని కాపాడుకోవడానికి, తెలుగు ప్రహసనంలో అబద్ధం జరగవలసిన పెళ్ళిని జరిపించుకోవడానికి. ఈ తేడా చిన్నదిగా కనిపించినా కథల రంగు మొత్తం దీనితోనే మారిపోయింది: అక్కడ అబద్ధం ఆడేవాడు దొంగచూపులతో తిరుగుతాడు, ఇక్కడ అబద్ధం ఆడేవాడి పక్షాన ధర్మం ఉంటుంది, ఒక్కొక్కసారి సాక్షాత్తు శ్రీకృష్ణుడే ఉంటాడు.

1957 మార్చి 27న విడుదలైన విజయావారి ‘మాయాబజార్’ను జనం పౌరాణిక చిత్రంగా చెప్పుకుంటారు గానీ, దాని ఎముకల గూడు ప్రహసనానిదే. వ్యాసభారతంలో లేని ఈ శశిరేఖా పరిణయ కథ నాటకాల ద్వారా జనంలో నలిగినది. పాండవులు జూదంలో ఓడి అడవుల పాలయ్యాక బలరాముడి ఇంటివాళ్ళు, పాండవుల ఇంటికి ఇస్తామన్న మాట తప్పి, కూతురు శశిరేఖను దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడికి ఇవ్వబోతారు. ఘటోత్కచుడు నిద్రపోతున్న శశిరేఖను ఎత్తుకుపోయి, ఆమె రూపంలో తానే ద్వారకకు వచ్చి కూర్చుంటాడు. ఇక్కడ కె.వి.రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు తీసుకున్న నిర్ణయం గమనించదగినది. మాయ అనే ఆయుధం చేతిలో ఉన్నవాళ్ళు దాన్ని అడ్డదిడ్డంగా వాడలేదు. మాయ చేసిన ప్రతి పనికీ ఒక నియమం, ప్రతి నియమానికీ ఒక చిక్కు పెట్టారు. మగపెళ్ళివారి విడిది మొత్తం మాయానగరం. అందులో ‘తల్పం’ పక్కన ‘గిల్పం’, ‘కంబళి’ పక్కన ‘గింబళి’ ఉంటాయి, వాటి మీద దర్జాగా సర్దుకున్న శర్మ, శాస్త్రి, అంటే వంగర, అల్లు రామలింగయ్య, స్థిమితంగా ఉండలేక నానా అవస్థా పడతారు. ఫేదో తిరుగుడు మంచాన్ని ఈ చిత్ర రచయితలు చూశారనడానికి ఆధారం లేదు, చూడవలసిన అవసరమూ లేదు. పెద్దరికం ఒలకబోసే మనిషిని పడక మోసం చేస్తే నవ్వు వస్తుందనే రహస్యం ఇద్దరికీ ఎవరి దారిన వారికి దొరికింది.

ఆ చిత్రంలో అసలైన తలుపు సావిత్రి శరీరం. తెర మీద కనిపించేది శశిరేఖ, లోపల ఉన్నది ఎస్.వి.రంగారావు పోషించిన ఘటోత్కచుడు. నటించేది మాత్రం సావిత్రి ఒక్కతే. పెళ్ళిపాటలో ఆమె సిగ్గుపడుతూ అడుగులు వేస్తుంది, చుట్టూ ఎవరూ లేరని తేలగానే భుజాలు విప్పారుతాయి, కాళ్ళు ఎడంగా పడతాయి, కనుబొమలు ముడిపడతాయి, గొంతులో మగవాడి స్వరం తొంగిచూస్తుంది. మరుక్షణం ఎవరో వచ్చిన అలికిడికి మళ్ళీ తల వాలుతుంది. పారిస్ రంగస్థలం మీద నాలుగు తలుపులు, ఇద్దరు నటులు చేసే పనిని ఒక నటి తన మెడ వంపుతో చేసింది. పీటల మీద లక్ష్మణకుమారుడికి వధువు వికృత రూపాలు కనిపిస్తాయి. అతడు కెవ్వుమంటే చుట్టూ ఉన్నవారికి ముద్దరాలైన పెళ్ళికూతురే కనిపిస్తుంది. ఆ వేషం వేసిన రేలంగి ముఖంలో భయం నిజమైనది, ఆ భయాన్ని నమ్మేవాడు పందిట్లో ఒక్కడూ లేడు. బెర్గ్‌సన్ చెప్పిన రెండు గొలుసుల తాకిడికి ఇంతకంటే మంచి నిదర్శనం ఫ్రెంచి చిత్రాల్లోనూ అరుదు. అదే సమయానికి ఘటోత్కచుడి ఆశ్రమంలో అసలు శశిరేఖ పెళ్ళి జరుగుతూ ఉంటుంది. కీచకుడికి చీకట్లో ఎదురుపడినవాడు భీముడైతే, లక్ష్మణకుమారుడి పక్కన కూర్చున్నవాడు భీముడి కొడుకు. విరాటపర్వం వింటూ పెరిగిన ప్రేక్షకుడికి ఈ వంశపు అలవాటు కొత్తగా తోచి ఉండదు.

మాయ అక్కర లేని ప్రహసనానికి 1955 నాటి ‘మిస్సమ్మ’ ఉదాహరణ. భార్యాభర్తలైన ఇద్దరు పట్టభద్రులు బడికి ఉపాధ్యాయులుగా కావాలనే ప్రకటన చూసి, పెళ్ళికాని ఇద్దరు, అందులోనూ మతం వేరైనవాళ్ళు, దంపతులుగా నటిస్తూ జమీందారు ఊరికి చేరతారు. ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలోని ఈ కథలో తలుపు పాత్ర వహించినవాడు డేవిడ్, అంటే రమణారెడ్డి. అప్పు వసూలు పేరుతో, భార్యగా నటిస్తున్న మేరీని వెంటాడే అతడు ఏ క్షణంలోనైనా వచ్చి గుట్టు రట్టు చేయవచ్చు. నిరుద్యోగం అనే నిజమైన ఒత్తిడి లేకపోతే ఆ అబద్ధానికి బరువే ఉండేది కాదు.

డేరాహాళ్ళలో, అంటే ఊరూరా తిరిగే టూరింగ్ టాకీసుల్లో, ఒకే ప్రొజెక్టరు ఉన్నచోట రీలు రీలుకూ బొమ్మ ఆగేది. ఊపు తెగితే చచ్చిపోయే ఫేదో తరహా పరుగు అక్కడ నిలవడం కష్టం. తెలుగు ప్రహసనం గంట పొడవునా ఒకే ఉరుకుగా కాక, ఎక్కడికక్కడ పండే ఘట్టాలుగా, నడుమ పాటలతో అల్లుకోవడానికి ఇటువంటి ప్రదర్శన పరిస్థితులు కూడా కొంత దోహదం చేసి ఉండవచ్చు. ఫ్రాన్సులో మాత్రం ఆ ఉరుకు లూయీ ద ఫ్యూనెస్ అనే పొట్టి నటుడి ఒంట్లోకి చేరింది. యాభయ్యేళ్ళ వయసులో, 1964 తరువాతనే, పెద్ద తారగా ఎదిగిన ఇతడు 1967 నాటి ‘ఆస్కార్’ చిత్రంలో ఒక వ్యాపారవేత్త. పొద్దున్నే జీతం పెంచమని వచ్చిన ఉద్యోగి, తన కూతురిని ప్రేమించానని చెబుతాడు, డబ్బున్న పెట్టె, నగలున్న పెట్టె, లోదుస్తులున్న పెట్టె ఒకే పోలికతో చేతులు మారుతుంటాయి, కథ మొత్తం ఒక ఇంట్లో, ఒక పూటలో ముగుస్తుంది. కోపం పట్టలేక అతడి ముఖం, చేతులు వేటికవి విడిగా కదిలే తీరు చూస్తే బెర్గ్‌సన్ చెప్పిన యంత్రం కళ్ళకు కడుతుంది. 1966లో గెరార్ ఉరీ తీసిన ‘లా గ్రాంద్ వద్రూయ్’ చిత్రంలో ఇతడూ బూర్విల్ జంటగా నటించారు. ఆ చిత్రానికి ఫ్రాన్సులో 1 కోటి 70 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడుపోయాయి, దాన్ని మించిన ఫ్రెంచి చిత్రం 2008 దాకా రాలేదు. దాని కథాకాలం జర్మన్ల ఆక్రమణ నాటి ఫ్రాన్సు. ప్రేక్షకుల్లో చాలామంది ఆ రోజులు స్వయంగా అనుభవించినవాళ్ళే.

తెలుగు ప్రహసనానికి ఫ్రెంచి నాటకంతో నేరుగా బంధుత్వం కలిపినవాడు రాజమండ్రి రచయిత భమిడిపాటి కామేశ్వరరావు. మొలియేర్ నాటకాలను ఆయన గోదావరి ఇళ్ళలో పుట్టినట్టే మలిచారు. మొలియేర్ 1668లో సృష్టించిన పిసినారికి తెలుగు తెర మీద అన్నదమ్ముడు దొరకడానికి మాత్రం 1987 దాకా ఆగవలసి వచ్చింది. ఆదివిష్ణు నవల ఆధారంగా జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్ళంట!’లో, పేరు కూడా మాయాబజార్ పాట నుంచి వచ్చినదే, కోట శ్రీనివాసరావు పాత్ర లక్ష్మీపతి కోడిని పైన వేలాడదీసి దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు. ఇది స్వభావం నుంచి పుట్టిన హాస్యం. కోటీశ్వరుడి కొడుకు ఆ ఇంట్లో అద్దెకు దిగి, పిల్లనిచ్చే మామకు నచ్చడానికి అతడికంటే పెద్ద పిసినారిగా నటించడం మొదలుపెట్టాకే కథ ప్రహసనంగా మారుతుంది. ఆ రెంటినీ ఒక ఒరలో ఇమడ్చడంలోనే జంధ్యాల నేర్పు ఉన్నది.

ఆ తరువాతి కాలంలో, ముఖ్యంగా 2000 దాటాక, మారుపేర్లతో పెద్దింట్లో దూరి పెళ్ళి సాధించుకునే కథలు తెలుగులో వరుసకట్టి వచ్చాయి. ‘ఢీ’, ‘రెడీ’ వాటిలో బాగా నడిచినవి. వీటిలో నవ్వుకు కొదవ లేదు గానీ, నాయకుడికి ఎన్నడూ చెమట పట్టదు. మోసపోయేవాడు, తన్నులు తినేవాడు ఒక్క హాస్యనటుడే. పట్టుబడే ప్రమాదం నాయకుడికి లేనప్పుడు అబద్ధం అబద్ధంగా కాక ప్రతాపంగా మారుతుంది, ప్రతాపాన్ని చూసి చప్పట్లు కొడతారేగాని ఊపిరి బిగపట్టరు. లాబిష్ పెళ్ళికొడుకుకు గాని, మిస్సమ్మలోని దొంగ దంపతులకు గాని ఆ వెసులుబాటు లేదు.

కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పని నేర్చుకున్న సింగీతం శ్రీనివాసరావు ఆ కళను మరొక తరానికి మోశాడు. 1990లో తమిళంలో తీసి తెలుగులోకి అనువదించిన ‘మైఖేల్ మదన కామరాజు’లో కమల్ హాసన్ నలుగురు కవలలుగా కనిపిస్తాడు, కథ ముగింపులో నలుగురూ, వాళ్ళను ఒకరనుకొని మరొకరిని వెంటాడినవాళ్ళూ కొండ అంచున ఊగిసలాడే ఒకే ఇంట్లో ఇరుక్కుంటారు. అక్కడ తలుపులు ఉన్నాయి గానీ, వాటిని తీసుకొని బయట అడుగుపెడితే నేల లేదు.